ఇవాళ్టి చరణం

“వచ్చావా మహానుభావా! పాట ఇంకో అరగంటలో ఉంది. చరణం ఏదీ?”

మేకప్ అద్దంలోంచే అరిచాడు గస్ రోమర్. నాటకాల వీధి బ్రాడ్‌వేలో అతని ముక్కు కనిపిస్తే చాలు, జనం నవ్వుతారు.

క్విగ్లీ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. రాసుకొచ్చింది ఏమీ లేదు. పద్నాలుగేళ్లలో అతను ఆలస్యంగా రావడం ఇదే మొదటిసారి.

“ఇరవై మూడో వీధిలో ట్రాములు ఆగిపోయాయి. నడిచొచ్చాను,” అన్నాడు.

గస్ పాట న్యూయార్క్ అంతటికీ తెలుసు. పల్లవి రోజూ ఒకటే. చరణం మాత్రం ఆ రోజు సాయంత్రం పేపర్లో పడిన వార్త మీద కొత్తగా ఉండాలి. నిన్నటి చరణం నిన్నటి చేపతో సమానం. ఆ చరణాలన్నీ క్విగ్లీవే. కానీ హాల్లో పంచే ప్రోగ్రాం కాగితంలో విగ్గులవాడి పేరుంటుంది, బూట్ల పాలిష్ పేరుంటుంది, క్విగ్లీ పేరుండదు. “ఎప్పుడో ఒకప్పుడు వేయిస్తాలే” అని గస్ అనడం, ఆ మాటే క్విగ్లీ ఇంటికి మోసుకెళ్లి భార్య డీలియాకి చెప్పడం. పద్నాలుగేళ్లుగా ఇదే భాగోతం. ఆ పిచ్చితల్లి ప్రోగ్రాం కోసం గోడకి ఖాళీ ఫ్రేము కూడా తగిలించి ఉంచింది. గస్‌కి అదో పెద్ద జోకు.

గస్ సాయంత్రం పేపరు అతని మీదికి విసిరాడు.

“నేనే ఏరి పెట్టా. ఇరవై మూడో వీధిలో ఎవరో ఒకావిడ, గాలికి టోపీ ఎగిరిపోతే దాని వెనక పరిగెత్తి ట్రాము కింద పడింది. అక్కడికక్కడే పోయింది. టోపీకి మాత్రం ఏమీ కాలేదట! దాని మీద రాయి.”

“జడ్జీగారి చిలక తప్పిపోయిన వార్త ఉంది కదా గస్ గారూ. అదైతే...”

“చిలక మీద పోయిన వారమే రాశావు. ఇదే కావాలి.”

“చచ్చిపోయిన మనిషి మీద...”

“పేరైనా తెలీని మనిషి. ఎవరొచ్చి అడుగుతారయ్యా? హాలు దద్దరిల్లిందా, సోమవారం ప్రోగ్రాంలో నీ పేరుంటుంది. మా అమ్మ మీద ఒట్టు. లేదా, రేపట్నుంచి రాకు. చరణాలు కట్టేవాళ్లు వీధికి పదిమంది.”

క్విగ్లీ పెన్సిల్ తీసుకున్నాడు. ఇరవై నిమిషాల్లో చరణం తయారైంది. పాపం, అతనికి వచ్చిన పని అదొక్కటే.

గస్ స్టేజీ మీద టోపీ వెనక పరిగెత్తాడు. చరణంలో ఆ టోపీ మీద రెండే రెండు కాగితం చెర్రీ పళ్లు. మూడోదాని చోట వేలాడే దారం. ‘ఆగవే తల్లీ ఆగవే, ఉన్న రెండైనా ఉంచవే’ అని పాడాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. నాలుగుసార్లు మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. తెర పక్కన నిలబడి క్విగ్లీ పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

విరామంలో గస్ చెమటలు కక్కుతూ వచ్చి అతన్ని వాటేసుకున్నాడు.

“చంపేశావయ్యా! సోమవారం నీ పేరు ఖాయం. డీలియాకి చెప్పు, ఫ్రేము దులుపుకోమను.”

క్విగ్లీ తలూపాడు.

“అవునూ, పేపర్లో ఉత్త టోపీ అనే ఉంది. ఆ చెర్రీలు ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావు? మూడో పండు ఏమైందని అందరూ నన్నడుగుతున్నారు!”

“పొద్దున ఊడింది, సాయంత్రం వచ్చి కుట్టుకుంటానంది,” అంటూ క్విగ్లీ జేబులోంచి మూడో చెర్రీ తీసి బల్ల మీద పెట్టాడు.