పద్నాలుగు కిలోల మూట

నాటకాల్లో దేవుళ్ళను గాలిలోకి లేపే చైను మోటార్లను గోడౌనులో తుడిచి, నూనె పెట్టి, వారానికోసారి ఇసుక మూటలతో నడిపి చూడటం నాంచారి పని. ఇప్పుడు దేశంలోని మోటార్లన్నిటికీ జ్ఞాపకం ఒక్కటే. ఒకదానికి జరిగింది అన్నిటికీ తెలుస్తుంది.

ఆ ఉదయం ఇరవై కిలోల మూటను మూడో నంబరు మోటారు చకచకా లేపింది. పద్నాలుగు కిలోల మూటను మాత్రం జానెడు ఎత్తి, ఆగి, పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు నేలమీదకి దించేసింది. మిగతావీ అలాగే చేశాయి. నాంచారి మూటమీద రాసిన బరువు మళ్ళీ చూసింది. సాయంత్రం బాల హనుమంతుడి వేషంలో ఎగరాల్సిన ఆమె కూతురు జున్ను బరువు సరిగ్గా అంతే.

"మొరాయిస్తన్నయ్ మేస్త్రీ గారూ!"

"జ్ఞాపకం చెరిపెయ్యమ్మాయ్, సరిపోద్ది. నీతో ఉండి అవీ పిరికివైపోయినయ్," అని నవ్వాడు ఏసోబు మేస్త్రీ.

"ఎక్కడన్నా ఏమన్నా అయిందా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "నిన్న వేరే ఊళ్ళో చైను తెగింది. చిన్నపిల్ల, మీ జున్నంతే... కిందపడి బతకలేదు. అది మన మోటారు కాదులేమ్మా."

నాంచారి కూతురి వేషం పెట్టె చంకన పెట్టుకుంది. "ఈ పూట మా హనుమంతుడు సూర్యుడి దగ్గరికి నడిచే పోతాడండీ."

గుమ్మం దగ్గర ఆమె వెనక్కి చూసింది. ఎవరూ మీట నొక్కకుండానే అయిదు మోటార్లూ కొక్కేలను కిందికి దించి, మెల్లగా, పడిపోయిన పిల్లను వెతుకుతున్నట్టు నేలంతా తడుముతున్నాయి.