బొటనవేలంత చోటు

చిలకలపూడిలో ఒకప్పుడు గాజులకు బంగారు పూత వేసిన తొట్లలోనే ఇప్పుడు మనుషుల చేతులకు పూత వేస్తున్నారు. చెయ్యి పోయినవాళ్ళందరికీ లోహపు చేతులు వచ్చాక, వాటిని ఊడదీసి పూత వేయించుకోవడం క్షవరం చేయించుకున్నంత మామూలైపోయింది.

పూతకి ముందు కడిగిన లోహపు చేతిని వట్టి వేళ్ళతో ముట్టుకోకూడదని ఆ ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. జిడ్డు అంటిన చోట పూత నిలవదు. పోయిన నెల, పూత వేసే నాంచారమ్మ పునుగులు తింటూ తింటూ శోభనాచలం గారి చేతిని అలాగే పట్టుకుని తొట్లో వేసింది.

ఇవాళ ఆయన ఆ చేతిని కండువాలో చుట్టుకుని వచ్చాడు.

"మనవరాలి అన్నప్రాశనమ్మా. మొదటి ముద్ద నేనే పెట్టబోయాను. పాయసంలో పూత పెచ్చు రాలింది. పిల్లని లాగేసుకుని, నన్ను దూరంగా కూర్చోబెట్టారు. తప్పు నాదేలే తల్లీ, ముందురోజు ఈ చేత్తోనే చింతపండు పిసికాను."

కండువా విప్పితే, అరచేతిలో పూత లేచిపోయిన చోటు సరిగ్గా బొటనవేలంత ఉంది.

నిజం చెబుదామనే నాంచారమ్మ నోరు తెరిచింది. "అవునండీ, పులుపు పడదు" అన్న మాట బయటికొచ్చింది.

"ఇక ముట్టుకోనులేమ్మా" అని ఆయన తలవంచుకున్నాడు.

కడగకముందు గ్లౌజులు అక్కర్లేదు. అయినా ఆమె గబగబా తొడుక్కుంది, తన బొటనవేలు ఆయన కంట పడకుండా.