కొత్త ఓనరు

తాళాలు చేతికొచ్చి గంటైనా కాలేదు, కొత్త ఓనరుకి చీవాట్లు మొదలయ్యాయి.

“ఏమయ్యా, ఇది ఇల్లా, పశువుల కొట్టమా?” మేడమీద వాటాలో ఉండే పెద్దాయన మెట్లమీంచే అందుకున్నాడు. “స్నానాల గదిలో పెచ్చులూడి నెత్తిన పడుతున్నాయి. కుళాయి తిప్పితే గాలి వస్తోంది. ఇందులో మనుషులు బతకాలా వద్దా?”

కొత్త ఓనరు కళ్ళజోళ్ళ షాపులో సేల్స్‌మన్. పాడుబడ్డ ఇల్లు కొని, బాగుచేసి, అద్దెలతో కాలుమీద కాలేసుకుని బతకొచ్చని ఎవరో చెబితే నమ్మాడు. బ్యాంకు వేలంలో ఈ నాలుగు వాటాల ఇల్లు కారుచౌకగా వస్తోందని అప్పు చేసి మరీ కొన్నాడు. అద్దెలు వస్తేనే వాయిదా కట్టగలడు. ఒక్క వాటా ఖాళీ అయినా కొంప మునిగినట్టే.

“పాత ఓనరు పట్టించుకోలేదేమోనండీ...” అని నసిగాడు.

“పాత సంగతులెందుకయ్యా! ఇప్పుడు ఓనరువి నువ్వు. వారంలో బాగుచేయించావా సరే. లేదంటే నాలుగు వాటాలవాళ్ళం కట్టగట్టుకుని ఖాళీ చేస్తాం!”

వెనక నిలబడ్డ మిగతావాళ్ళు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. పాపం, ఎంత బాధపడ్డారో అనుకున్నాడు కొత్త ఓనరు.

షాపుకి సెలవు పెట్టాడు. కాళ్ళావేళ్ళా పడి ప్లంబరునీ, మేస్త్రీనీ తెచ్చాడు. పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చుని ఒకటే అజమాయిషీ. ఆ పైపు మార్చమన్నాడు. ఈ గోడకి ఇంకో పూత వెయ్యమన్నాడు. మెట్లకి కమ్మీ లేకపోతే ముసలి ప్రాణాలు ఏమైపోవాలని కేకలేశాడు.

“అద్దె పుచ్చుకోగానే సరికాదు, ఇంటివాడన్నాక బాధ్యత ఉండాలోయ్!” అని రోజూ క్లాసు పీకాడు. కొత్త ఓనరు చెమటలు కక్కుతూ తనే బ్రష్షు పట్టి రంగులు వేశాడు.

ఆదివారానికి ఇల్లు ముచ్చటగా తయారైంది. పెద్దాయన కుళాయి తిప్పాడు. నీళ్ళు ధారగా దూకాయి. ఆయన మొహం వెలిగిపోయింది.

“ఇల్లంటే ఇదీ! ఎవరం కదలం, పోవయ్యా,” అని కొత్త ఓనరు భుజం తట్టి పైకి వెళ్ళిపోయాడు.

బతుకుజీవుడా అనుకుంటూ అతను కింది వాటా గుమ్మంలో కూలబడ్డాడు. అందులో అద్దెకుండే టైలరమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

“ఈయన నోటికి జడిసే పాత ఓనరు ఇల్లు బ్యాంకుకి వదిలేసి పారిపోయుంటాడక్కా,” అన్నాడు గొంతు తగ్గించి.

టైలరమ్మ పడీపడీ నవ్వింది. “పారిపోవడమెక్కడిది తమ్ముడూ, ఇరవై ఏళ్ళు మేమంతా మొత్తుకున్నా ఒక్క మేకు కూడా కొట్టించని ఆ పాత ఓనరు ఈయనే!”