తాళం వేసే మనిషి

"తాళం వేయడానికి అమ్మాయి రమ్మంది బాబూ."

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న గాయకుడికి 'తాళం' ఒక్కటే వినబడింది. అసలు తన గొంతు తప్ప మరొకటి వినే అలవాటు అతనికి లేదు.

గుమ్మంలో నలిగిన చొక్కా, భుజాన ఉబ్బిన గుడ్డసంచి. ఆ మాత్రం చూపుతోనే ముసలాయనకు వెల కట్టేశాడు.

"ఇదిగో తాళాల గుత్తి. వెనక తలుపుకి వేసిరా, కుక్కలు దూరుతున్నాయి."

"నేను వేసేది ఆ తాళం కాదు..."

"నోటిక్కూడా ఒకటి వేసుకోవయ్యా."

ముసలాయన గుత్తి అందుకుని వెళ్ళాడు.

ఆ హాల్లో తీస్తున్న సినిమా ఇద్దరు సంగీతకారుల ప్రేమకథ. పాతకాలపు పద్ధతిలో కెమెరా ముందే పాడాలి. హీరో ఈ గాయకుడు, హీరోయిన్ వయొలిన్ అమ్మాయి. తెరమీద అనురాగం, తెరవెనక అపస్వరం. నిజంగానే పెళ్ళి చేసుకుందామనుకున్నా, ఆమె ఇంటి గడప అతనింతవరకూ తొక్కలేదు. ఇరుకు సందు, కారు పట్టదట.

"ఇంకొక్క మనిషిని పురుగులా చూశావంటే మన పెళ్ళి మాట మర్చిపో," అని పొద్దున్నే చెప్పిందామె.

'సరి' అన్నాడు. స, రి. మూడో స్వరం పలికే ఓపిక లేకపోయింది.

"వయొలిన్ అమ్మాయి పిలిచిన డోలక్ ఆయన ఇంకా రాలేదే," అన్నాడు డైరెక్టర్.

"వాళ్ళకి వాయిదాలే గాని వాయించడం ఎక్కడొచ్చు?" మైకులోనే అన్నాడు గాయకుడు. హాలంతా మోగింది.

వెనక్కొచ్చిన ముసలాయన గుత్తి పియానో మీద పెట్టాడు.

"వెనక తలుపు వేశాను బాబూ. ముందుది దగ్గరగా వేసి వెళ్తాను."

"ఆ సంచిలో ఏం మోసుకుపోతున్నాడో చూడండెవరైనా," అన్నాడు గాయకుడు.

ఎవరూ చూడలేదు. తలుపు మెల్లగా పడింది.

మేకప్ ముగించుకుని వయొలిన్ అమ్మాయి వచ్చింది.

"తాళం వేసే ఆయన వచ్చారా?"

"వచ్చాడు, వేశాడు, పోయాడు. అదిగో గుత్తి."

ఆమె గుత్తి వంక చూసింది. వయొలిన్‌ని పెట్టెలో పడుకోబెట్టి మూత వేసింది. అతని ముందున్న మైకు తనవైపు తిప్పుకుంది.

"అందరూ వినండి. ఆయన వచ్చింది పాటకి తాళం వేయడానికి. ఈ మహానుభావుడు తలుపుకి వేయించాడు. ఆ సంచిలో ఉన్నది డోలక్."

గాయకుడు మొదటిసారి హెడ్‌ఫోన్లు తీశాడు.

"పోనీలే, ఇంకో డోలక్ అతన్ని పిలుద్దాం."

"పిలుచుకో," అందామె మైకులోనే, "నాకు మాత్రం ఇంకో నాన్న లేడు."