మిట్టమధ్యాహ్నపు నీరా

“లొట్టి ఎప్పుడు దించాలి?” ఖర్జూర చెట్టు మీంచి ఫహద్ అరిచాడు.

“మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక!” వచ్చీరాని అరబ్బీలో, నవ్వు ఆపుకుంటూ కింద నుంచి జవాబిచ్చాడు రాజేశం.

రాజేశం మహా తెలివిగలవాడు. ఆ సంగతి అతనే అందరికీ చెప్పుకుంటాడు. కోరుట్లలో ఈతచెట్లు గీసిన చెయ్యి. సాయంత్రం కట్టిన లొట్టిని తెల్లారకముందే దించితే నీరా తేనెలా ఉంటుందనీ, ఎండెక్కితే పులిసి కల్లవుతుందనీ నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆ నీరా కాచి పాకం అమ్ముదామనే సౌదీలో యాన్బు దగ్గరి ఈ తోటలో వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, అతణ్ణి పెట్టుకున్నాడు. అంతలో నితాఖత్ వచ్చిపడింది. పరదేశీలను తగ్గించి సౌదీలను పెట్టుకోవాలట! వారం తిరక్కుండానే సౌదీ కుర్రాడు ఫహద్ దిగాడు. “నీ పనంతా ఇతనికి నేర్పు” అన్నాడు కఫీల్.

“నా బొంద నన్నే తవ్వుకోమంటుండు” అని రాజేశం తన గదిలో ఉండే సదానందం దగ్గర మండిపడ్డాడు. “ఈడ ఉండనిచ్చే ఇకామా వచ్చే నెల అయిపోతది. ఇంటి మీద ఇంకా స్లాబు పడలే. నేర్పుత, నేర్పకేం? వేళ తప్ప అన్నీ నేర్పుత.”

“పాపం, మంచోడే గదనే!”

“ఇంకా మంచిదాయె. చెప్పింది నమ్ముతడు.”

నమ్మాడు. ఎండలో దించిన లొట్టి నురగలు కక్కింది. ఫహద్ ఒక గుక్క తాగి, తుపుక్కున ఉమ్మేశాడు. “హరామ్! నాతో మద్యం చేయిస్తారా?” అంటూ కారెక్కి వెళ్లిపోయాడు. కఫీల్ చేతులూపుకుంటూ, అరుచుకుంటూ గేటు దాకా కారు వెంట పరుగెత్తాడు. ఎన్ని తిట్లు తిడుతున్నాడో అనుకుని రాజేశం కడుపారా నవ్వుకున్నాడు.

అదే ఊపులో ఆఫీసు గదికి వెళ్లాడు. తోట కాగితాల పనులన్నీ చూసే కడప మనిషి ఖాదర్ మొహిద్దీన్ తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“భాయ్, పీడ పోయింది. ఇగ నా ఇకామా రెన్యువల్ చేపియ్యుండ్రి.”

“ఎట్ల చేపిచ్చాలప్పా? సౌదీ ఒక్కడన్నా లేకుంటే నితాఖత్ లెక్కలో తోట రెడ్‌లో పడతాది.”

“పడితే పడనియ్యుండ్రి, నాకేంది?”

“రెడ్‌లో పడితే ఎవురికీ రెన్యువల్ లేదు” అని ఖాదర్ నిట్టూర్చి, మళ్లీ అన్నాడు:

“నీ ఇకామా కోసమే కఫీల్ ఆ ఫహద్‌ను బతిమాలి తెచ్చినాడు.”