మూడో కిక్కు

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? ఇక్కడ బళ్లు పెట్టకూడదు! పన్ను పీకించుకోవాలంటే డాక్టరుగారి గుమ్మం ముందే ఆపుకోండి!"

పాతబళ్ల షాపు యజమాని గుమ్మంలోంచి గట్టిగా అరిచాడు. బయట ఎర్రబండి పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఉలిక్కిపడి తిరిగాడు. యాభై దాటిన వయసు, ఇస్త్రీ నలగని చొక్కా. ఒక్క క్షణం యజమానినీ, ఎర్రబండినీ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత ముఖం కందగడ్డ చేసుకున్నాడు.

"నా పళ్లు దివ్యంగా ఉన్నాయి. బండి కొందామని వచ్చాను. వచ్చినవాణ్ణి వీధిలో నిలబెట్టి తిట్టడం మీ షాపులో మర్యాదా?"

యజమాని నాలుక్కరుచుకున్నాడు. పొద్దున్నుంచీ ఒక్క బేరం తగల్లేదు. తగిలిన ఒక్కదాన్నీ తన నోరే తరిమేసేలా ఉంది. పక్క వాటాలో పళ్ల డాక్టరు దిగినప్పటి నుంచి ఇదే గొడవ. వచ్చిన ప్రతి రోగీ షాపుకి అడ్డంగా బండి పెట్టి పోతాడు.

"తప్పయిపోయిందండి. లోపలికి రండి. ఇంత మంచి బండి ఉండగా మళ్లీ ఇంకోటా?"

పెద్దమనిషి జేబురుమాలు తీసి ఎర్రబండి సీటు తుడిచాడు. "ఇరవై ఏళ్లయింది దీనికి. మూడో కిక్కుకి గానీ లేవదు. రోజూ దీన్ని హింసపెట్టడం ఇష్టంలేక రెండో బండి చూస్తున్నాను. దీన్ని అమ్మమని మాత్రం అడక్కండి."

"ఛ ఛ, అడగనండి."

లోపల రెండు వరసల్లో బళ్లు, మూలన బల్ల, బల్ల వెనక యజమాని భార్య. పెద్దమనిషి మొదటి వరస దగ్గరే మండిపడ్డాడు.

"ఇది పది వేల కిలోమీటర్లే తిరిగిందా? మరి బ్రేకు పెడలు ఇంత నున్నగా ఎలా అరిగింది? ఎవడో మీటరు వెనక్కి తిప్పాడు!"

"మాకు అలాగే ఇచ్చారండి..."

"ఇచ్చినవాణ్ణి అనాలి. బండి విషయంలో మోసం చేసేవాడు కన్నతల్లినైనా మోసం చేస్తాడు!"

యజమానికి తలెత్తుకోవడం కష్టమైంది. మాట మార్చడానికి, "మీరు చాలా బళ్లు వాడినట్టున్నారు" అన్నాడు.

ఆ ఒక్క మాటకి పెద్దమనిషి చల్లబడ్డాడు. "మొదటిది నీలం బండి. వానలో మా ఆవిడకి నొప్పులొస్తే దాని మీదే ఆసుపత్రికి తీసుకెళ్లాను. మోకాల్లోతు నీళ్లలో కూడా ఆగలేదండీ అది! తర్వాత నల్లది. ఉద్యోగం పోయినప్పుడు అమ్మేశాను. కొన్నవాడు సందు మలుపు తిరిగేదాకా దాని చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆ రోజు అన్నం సయించలేదు."

యజమాని కళ్లు చెమర్చాయి. "నాకూ పెళ్లయిన కొత్తలో ఒక పచ్చబండి ఉండేదండి. బంగారం లాంటి బండి..."

"బ్రేకుల్లేని ఆ డొక్కేనా?" అంది భార్య. "దాని పుణ్యమా అని వారం రోజులు నేను మంచం దిగలేదు."

పెద్దమనిషి నవ్వుతూ నడిచి, చివరున్న నల్లబండి దగ్గర ఆగిపోయాడు. షాపులో అన్నిటికన్నా మంచిది అదే. ట్యాంకు మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరాడు.

"అచ్చం నా నల్లదే. ఒకసారి నడిపి చూస్తాను."

"లైసెన్సు ఇక్కడ పెట్టి వెళ్లండి అన్నయ్యగారూ" అంది భార్య.

అది ఆవిడ పెట్టిన నియమం. రెండు నెలల క్రితం నడిపి చూస్తానన్న కుర్రాడొకడు ఇంతవరకూ తిరిగి రాలేదు. షాపు పెట్టించింది ఆవిడ తమ్ముడు. ఇంకొక్క బండి పోతే షాపు మూసేస్తానని మొహం మీదే చెప్పి వెళ్లాడు.

పెద్దమనిషి భగ్గుమన్నాడు. "లైసెన్సు మీకిచ్చి రోడ్డెక్కితే పోలీసులకి ఏం చూపించను, మీ ఇద్దరి ఫొటోనా? గుమ్మం తొక్కకముందే తిట్టారు. ఇప్పుడు దొంగని చేశారు! నా ప్రాణం లాంటి బండి మీ వాకిట్లో ఉంది. దాన్నొదిలి పారిపోతానా? ఇదిగో తాళం, ఉంచుకోండి! నేను వచ్చేదాకా దాన్నెవరూ ముట్టుకోకూడదు!"

జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీదికి విసిరాడు. యజమాని సిగ్గుతో కుంచించుకుపోయాడు.

"మా ఆవిడకి మనిషిని చూసి మాట్లాడటం తెలీదండి. మీరు వెళ్లి రండి" అంటూ నల్లబండి తాళం తనే తెచ్చి చేతిలో పెట్టాడు.

ఆవిడ బల్ల మీది తాళంచెవి సొరుగులో పడేసింది. నల్లబండి వీధిలోకి దూకింది. అది సందు మలుపు తిరిగేదాకా యజమాని ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు.

"చూశావా? బండంటే ప్రాణం పెట్టే మనిషి. అలాంటివాణ్ణా అనుమానించేది?"

"ఆ ముక్క మా తమ్ముడితో కూడా చెబుదురుగాని."

పావుగంట గడిచింది. "నచ్చితే రెండు రౌండ్లు ఎక్కువే వేస్తారు" అన్నాడు యజమాని. అరగంట గడిచింది. ఊరికే ఉండలేక గుడ్డ తీసుకుని బయటికొచ్చి, ఎర్రబండి ట్యాంకు తళతళలాడేలా తుడవసాగాడు. మంచి మనిషిని నొప్పించాం, ఈపాటి సేవ చేయకపోతే ఎలా?

పక్క వాటా తలుపు తెరుచుకుంది. వాచిన బుగ్గ పట్టుకుని ఒకాయన మెట్లు దిగి, నేరుగా ఎర్రబండి దగ్గరికే వచ్చాడు.

"దూరం జరగండి సార్! ఇది ఓ పెద్దమనిషి బండి!" అన్నాడు యజమాని కోపంగా.

నోటి నిండా దూది ఉండటంతో ఆయన ఏమీ మాట్లాడలేకపోయాడు. శుభ్రంగా తుడిచినందుకు దణ్ణం పెట్టి, జేబులోంచి తాళం తీసి, బండెక్కాడు.

ఎర్రబండి మొదటి కిక్కుకే లేచింది.