కదిరప్ప పికప్‌కు కొత్త డ్యాష్‌బోర్డు

పికప్ బండి డ్యాష్‌బోర్డు మారడమంటే ఒక యుగం అస్తమించడమే. బండ్లన్నీ వాటంతటవే తిరిగే ఆ కాలంలో, మనిషి నడిపే పాత బండికి డ్రైవరు ముఖాన్ని పోల్చుకునే డ్యాష్‌బోర్డు తప్పనిసరి. లేకుంటే బండి తుక్కుకే. గడువు చివరిరోజున కదిరప్ప ముళ్ల మీటర్లు పీకించి, కొత్తది బిగించి, శాస్త్రోక్తంగా పూజ చేసి, తనిఖీకి బయలుదేరబోయాడు.

"డ్రైవరు కనబడుటలేదు," అంది డ్యాష్‌బోర్డు.

కళ్లజోడు తీశాడు. తలపాగా తీశాడు.

"లైసెన్సు ఫొటోలో మీసం లేదు కదయ్యా," అంది భార్య ఓబుళమ్మ.

నలభై ఏళ్లుగా ఏ అధికారి ముందూ వంగని మీసం నేలరాలింది.

"డ్రైవరు కనబడుటలేదు."

"నన్నే ఎరగనంటే ఇంక బండి పోయినట్టేనే," అని కదిరప్ప స్టీరింగు మీద తల వాల్చాడు.

ఓబుళమ్మ కొంగుతో ఆయన కళ్లు తుడిచింది. అదే కొంగుతో, పొద్దున ఆయనే భక్తిగా కెమెరా మీద పెట్టిన కుంకుమబొట్టునూ తుడిచింది.